మెరిసిన ప్రతి చుక్కా మార్కర్ కాదు

పెప్టైడ్ మైక్రోఅరే అంటే గాజు స్లైడ్ మీద వైరస్ ప్రోటీన్ ముక్కల్ని (పెప్టైడ్లను) చుక్కలుగా అతికించి, రోగి సీరంలోని యాంటీబాడీలు ఏ చుక్కను పట్టుకుంటాయో చూడటం. రోగాన్ని గుర్తించే పెప్టైడ్, అంటే మార్కర్, వెతకడానికే ఇదంతా. కొవిడ్ స్పైక్ ప్రోటీన్‌నే తీసుకోండి. 1273 అమైనో ఆమ్లాలు. 15 పొడవున, నాలుగేసి స్థానాలు జరుపుతూ ముక్కలు చేస్తే, చివరి ముక్కతో కలిపి 316 పెప్టైడ్లు. పక్కపక్క ముక్కల్లో 11 అమైనో ఆమ్లాలు ఉమ్మడి. కాబట్టి ఏడెనిమిది అమైనో ఆమ్లాల ఎపిటోప్ (యాంటీబాడీ పట్టుకునే చోటు) నిజంగా ఉంటే కనీసం రెండు పక్క పెప్టైడ్లు వెలగాలి. ఒక్కటే వెలిగితే ముందు దుమ్మేమో అనుకోండి.

సీరం వేయకముందే సెకండరీ యాంటీబాడీ (రోగి యాంటీబాడీని పట్టుకుని వెలిగేది) ఒక్కదానితో స్లైడ్ స్కాన్ చేయండి. అప్పుడే వెలిగే పెప్టైడ్లను జాబితాలోంచి కొట్టేయండి. తర్వాత 1 శాతం బీఎస్ఏ (ఆవు సీరం ప్రోటీన్)తో గంటసేపు బ్లాకింగ్ (ఖాళీ చోట్లను కప్పేయడం), సెంట్రిఫ్యూజ్ చేసిన సీరం 1:200 డైల్యూషన్‌లో, 0.05 శాతం ట్వీన్ డిటర్జెంట్ కలిపిన ఉప్పు బఫర్ పీబీఎస్‌తో మూడు వాష్‌లు, ఆపై ఆ సెకండరీ యాంటీబాడీ, అంటే ఫ్లోరెసెంట్ యాంటీ-హ్యూమన్ ఐజీజీ. ఈ అంకెలు మొదలుపెట్టడానికే, మీ స్లైడ్‌కు సరిచూసుకోవాలి. మధ్యలో స్లైడ్ ఆరిందో, గీతలు గీతలుగా బ్యాక్‌గ్రౌండ్ పడుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎంత తీసేసినా అది పోదు. ఇక స్కానర్ గెయిన్ పెంచేస్తే బలమైన చుక్కలన్నీ స్కానర్ గరిష్ఠ అంకె 65535 దగ్గర ఆగిపోతాయి. వాటి మధ్య తేడా ఇంక దొరకదు.

అసలు చిక్కు కంట్రోల్ సీరంలో ఉంది. ఆరోగ్యవంతులతో మాత్రమే పోలిస్తే చాలా పెప్టైడ్లు అద్భుతంగా కనిపిస్తాయి. స్పైక్‌లో ఎస్2 భాగం మామూలు జలుబు కరోనా వైరస్‌లతో పోలి ఉంటుంది, అందుకే 2019కి ముందు నిల్వచేసిన సీరంలోనూ అక్కడ సిగ్నల్ వస్తుంది. అలాంటి పాత సీరం తప్పనిసరిగా పెట్టండి. జికా కోసం వెతికేవాళ్లయితే దానికి దగ్గరి బంధువైన డెంగీ సోకినవాళ్ల సీరం.

గణాంకాల్లోనూ ఇదే జాగ్రత్త. 316 పెప్టైడ్లకు విడివిడిగా పీ విలువ (యాదృచ్ఛికంగానే అలా వచ్చే అవకాశం) హద్దు 0.05 పెడితే, ఏమీ లేకపోయినా దాదాపు 16 'దొరుకుతాయి'. ఎఫ్‌డీఆర్ (తప్పుడు ఫలితాల వాటా) సవరణ చేయకుండా జాబితా బయటపెట్టొద్దు.

మిగిలిన నాలుగైదు పెప్టైడ్లను బయోటిన్ తగిలించి కొత్తగా తయారుచేయించి, ఆ బయోటిన్‌ను గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ ప్లేట్ మీద ఎలైసా (రంగు మార్పుతో యాంటీబాడీని కొలిచే పరీక్ష) చేయండి, అదీ ఇంతకుముందు వాడని సీరంతో. ఆర్‌బీడీ (స్పైక్‌లో మన కణాన్ని పట్టుకునే భాగం) మీద ఏమీ రాలేదని కంగారుపడకండి. అక్కడి యాంటీబాడీల్లో ఎక్కువ భాగం మడతపడ్డ ఆకారాన్నే గుర్తుపడతాయి, సాగదీసిన 15 అమైనో ఆమ్లాల ముక్కను కాదు. దానికి పూర్తి ప్రోటీన్‌తో ఎలైసానే దారి.