గ్రౌండు గోడ అవతలే ఆగిపోతున్న మన కుర్రాళ్ళు

[దృశ్యం: సాయంత్రం ఆరు. మట్టి కోర్టు మీద ఒక పెద్దాయన నీళ్ళు చల్లుతున్నాడు. దూరంగా శేషాచలం కొండలు. గోడ అవతల బైకుల మీద నలుగురు కుర్రాళ్ళు.]

నమస్తే అండీ. ఆ గోడ అవతల కూర్చున్న నలుగురినీ ఒకసారి చూడండి. ఇరవై, ఇరవై రెండేళ్ళ వాళ్ళు. వాళ్ళలో ముగ్గురు చిన్నప్పుడు ఈ కోర్టులోనే ఆడారు. ఇప్పటికీ సాయంత్రమైతే వస్తారు, అరగంట చూస్తారు, బండి తీసుకుని వెళ్ళిపోతారు. లోపల నీళ్ళు చల్లుతున్న ఆయనకు 58 ఏళ్ళు. నీళ్ళయ్యాక సున్నంతో గీతలు వేసేదీ ఆయనే, పిల్లలకు విజిల్ ఊదేదీ ఆయనే.

తిరుపతిలో నేను చూసిన చిన్న క్లబ్బులన్నీ దాదాపు ఇలాగే ఉన్నాయి. పదిహేనేళ్ళ లోపు పిల్లలు ఆడటానికి వస్తారు. నలభై దాటిన వాళ్ళు నడిపిస్తారు. మధ్యలో 18 నుంచి 30 ఏళ్ళ వాళ్ళు కనపడరు. ఆ ఖాళీ ఎందుకు వచ్చిందో, మా క్లబ్‌లో దాన్ని ఎలా పూడ్చుకుంటూ వస్తున్నామో ఈ వీడియోలో చెబుతాను. నేను మా పేటలోని ఒక కబడ్డీ క్లబ్ కమిటీలో ఉన్నాను. అందుకే ఉదాహరణలన్నీ కబడ్డీవే.

[దృశ్యం: యూనివర్సిటీ గేటు. కాలేజీ బస్సులు. రేణిగుంట రోడ్డు.]

మన ఊళ్ళో యువతకు కొదవ లేదు. 1954లో పెట్టిన ఎస్వీ యూనివర్సిటీ ఉంది. 1983లో మొదలైన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది. 2015లో ఐఐటీ, సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్ రెండూ వచ్చాయి. ఇంజినీరింగ్ కాలేజీలు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలు సరేసరి. చదువుకోసం, ఉద్యోగం కోసం వచ్చి గదులు అద్దెకు తీసుకుని ఉండేవాళ్ళు ప్రతి వీధిలోనూ కనిపిస్తారు.

"ఈ కాలం పిల్లలకు ఫోను తప్ప ఇంకేం పట్టదు" అని కమిటీ మీటింగుల్లో అనుకుంటాం. నేనూ అన్నాను. తర్వాత ఒక వినాయక చవితికి నా కళ్ళు తెరుచుకున్నాయి. గోడ అవతల కూర్చునే ఆ కుర్రాళ్ళే ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేశారు. పందిరి వేశారు, మైకు సెట్టు మాట్లాడారు, రాత్రి రెండింటి దాకా మేలుకుని అలంకారం చేశారు. నిమజ్జనం అయ్యాక ఏ రూపాయి దేనికి ఖర్చయిందో కాగితం మీద రాసి పందిరి దగ్గర అంటించారు. ఎవరూ వాళ్ళను బతిమాలలేదు. ఆ పని వాళ్ళది. ఏ రంగు గుడ్డ కట్టాలో, ఏ పూట ఏం ప్రసాదం పెట్టాలో వాళ్ళే తేల్చుకున్నారు.

మరి మా క్లబ్ వాళ్ళను ఎప్పుడు పిలిచింది? టోర్నమెంట్ రోజు కుర్చీలు మోయడానికి. ఫ్లెక్సీ కట్టడానికి. చందా అడగడానికి. వాట్సాప్ గ్రూపులో "అందరూ తప్పక హాజరు కావలెను" అని ఒక మెసేజ్ పెట్టి, ఎవరూ రాకపోతే బాధపడేవాళ్ళం.

[దృశ్యం: కెమెరా ఎదుట వ్యాఖ్యాత, వెనక ఖాళీ కోర్టు.]

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒకసారి డిగ్రీ చదివే ఒక అబ్బాయి మీటింగులో, "అన్నా, పోయిన టోర్నమెంటుకు వచ్చిన డబ్బు ఎంత, మిగిలింది ఎంత?" అని అడిగాడు. మాలో ఒకాయన "నీకెందుకప్పా ఆ లెక్కలు, నువ్వు ఆడు" అన్నాడు. ఆ అబ్బాయి మళ్ళీ మీటింగుకు రాలేదు. ఆ రోజు నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను. తప్పు మాది. ఒక మంచి మనిషిని ఒక్క మాటతో పోగొట్టుకున్నాం.

[తెర మీద: ఏ పని? ఎప్పుడు? ఎంతసేపు? నిర్ణయం ఎవరిది?]

దారి మాకు కొండ మీదే కనపడింది. శ్రీవారి సేవ మీకు తెలుసు కదా. 2000లో మొదలైంది. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో జనం జట్లుగా వచ్చి జీతం లేకుండా పని చేసి వెళతారు. వాళ్ళందరికీ భక్తి ఉంది, నిజమే. దానితో పాటు అక్కడ ఒక ఏర్పాటు కూడా ఉంది. వచ్చిన ప్రతి మనిషికీ ఫలానా చోట, ఫలానా వేళకు, ఇన్ని రోజులు అని డ్యూటీ చెబుతారు. అన్నప్రసాదం దగ్గరా, క్యూ లైను దగ్గరా, లగేజీ దగ్గరా అన్నది ముందే తెలుస్తుంది. మెడలో కండువా ఉంటుంది. పని పూర్తయితే తృప్తిగా ఇంటికి వెళతారు.

"క్లబ్‌కు సాయం చేయండి" అన్న మాటలో ఇవేవీ లేవు. ఎప్పుడు రావాలి, ఎంతసేపు ఉండాలి, ఎప్పటిదాకా చేయాలి? చదువు, ఉద్యోగం, పోటీ పరీక్షల టెన్షన్ ఉన్న కుర్రాడికి అది అంతులేని పనిలా కనిపిస్తుంది. అందుకని మేం పనిని ముక్కలు చేశాం. ఒక్కో ముక్క ఒక్కో మనిషికి, మూడు నెలలకు. ఆ ముక్క వరకు నిర్ణయం వాళ్ళదే, మేం వేలు పెట్టం.

[దృశ్యం: స్కోర్ టేబుల్. కాగితం, పెన్ను, స్టాప్ వాచ్.]

మొదట ఇచ్చిన పని స్కోర్ టేబుల్. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మా క్లబ్ మారడం మొదలైంది ఇక్కడే.

కబడ్డీలో జట్టుకు ఏడుగురు కోర్టులో ఉంటారని అందరికీ తెలుసు. మ్యాచ్ నడపడానికి ఎంతమంది కావాలో చాలామంది గమనించరు. ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరర్, ఇద్దరు సహాయ స్కోరర్లు. మొత్తం ఆరుగురు. స్కోరు రాయడం తేలికేం కాదు. రైడుకు, అంటే కూతకు వెళ్ళి రావడానికి, 30 సెకన్లు. రైడర్ బోనస్ గీత దాటాడు, పాయింటు వేయాలా? అవతల కోర్టులో కనీసం ఆరుగురు ఉంటేనే వేయాలి. ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉండి రైడర్‌ను పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, అదనంగా ఒక పాయింటు. అవతలి జట్టు మొత్తం ఔటైతే లోనా, అదనంగా రెండు. ఔటైన వాళ్ళు ఏ వరసలో బయటికి వెళ్ళారో అదే వరసలో లోపలికి రావాలి. బోనస్ పాయింటుకు మాత్రం ఎవరూ తిరిగి రారు. ఇవన్నీ అర నిమిషంలో చూసి, గుర్తుపెట్టుకుని, తప్పు లేకుండా రాయాలి.

అలా గోడ అవతల కూర్చునే కుర్రాళ్ళలో ఇద్దరిని పిలిచి ఆ కాగితం చేతికిచ్చాను. "తమ్ముడూ, వచ్చే మూడు నెలలు ఆదివారం మ్యాచుల స్కోరు మీదే. మీరు రాసిందే ఫైనల్. కోచ్ అయినా, నేనయినా కాగితం ముట్టుకోం" అన్నాను. మొదటి వారం రెండు తప్పులు చేశారు. మూడో వారానికి కోచ్‌తోనే వాదించి గెలిచారు, లోనా పాయింట్ల విషయంలో. ఆ సాయంత్రం వాళ్ళ ముఖాల్లో వెలుగు చూడాల్సింది. ఇప్పుడు వాళ్ళలో ఒకడు అఫీషియేటింగ్ పరీక్ష, అంటే రిఫరీ, అంపైర్ పనికి పెట్టే పరీక్ష రాయాలని రూల్స్ పుస్తకం చదువుతున్నాడు. ఆట ఆడలేని మనిషి కూడా ఆటలో ఉండొచ్చని వాళ్ళకంటే నాకే ఎక్కువ అర్థమైంది. 2019 నవంబరులో జాతీయ అంతర్ జిల్లా జూనియర్ అథ్లెటిక్స్ మీట్ మన తిరుపతిలోనే జరిగింది. అంత పెద్ద మీట్ అయినా నిలబడేది టేపు పట్టుకునే వాళ్ళ మీద, జాబితాలు రాసే వాళ్ళ మీదే కదా.

[దృశ్యం: తెల్లవారుజాము. కంపెనీ బస్సు ఎక్కుతున్న యువకులు.]

వేళల సంగతి. శ్రీసిటీకో, రేణిగుంట ఫ్యాక్టరీకో షిఫ్టుకు వెళ్ళేవాళ్ళను సాయంత్రం ఆరింటికి రమ్మంటే ఎలా వస్తారు? వాళ్ళకు మేం వారాంతపు పనులు ఇచ్చాం. షిఫ్టు మారితే మారే పని కూడా ముందే అనుకున్నాం. చెన్నైలో, బెంగళూరులో ఉన్నవాళ్ళు మరో రకం. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో నెలకోసారి ఇంటికి వచ్చే కుర్రాడు గ్రౌండుకు రాలేకపోవచ్చు. కానీ పోస్టర్ చేయగలడు, మ్యాచ్ వీడియోలో మంచి రైడ్లు కత్తిరించి పెట్టగలడు. మా క్లబ్ ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడిపేది బెంగళూరులో ఉండే ఒక అమ్మాయి. ఆమె చిన్నప్పుడు మా దగ్గర ఆడింది.

అమ్మాయిల గురించి ఆగి మాట్లాడాలి. అప్పటి చిత్తూరు జిల్లా యర్రావారిపాళెం ప్రాంతం నుంచి వచ్చిన రజని ఎతిమరపు భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. పల్లెలో పుట్టి అంత దూరం వెళ్ళింది. మరి మన పేటల్లో పదో తరగతి కాగానే ఆడపిల్లలు గ్రౌండుకు రావడం ఎందుకు ఆపేస్తున్నారు? మేం ఇళ్ళకు వెళ్ళి అడిగాం. తల్లులు చెప్పినవి చాలా మామూలు విషయాలు. బట్టలు మార్చుకోవడానికి చోటు లేదు. బాత్‌రూముకు తలుపు సరిగా లేదు. చీకటి పడ్డాక దారిలో లైటు లేదు. కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు, ఏదన్నా అయితే ఎవరితో చెప్పాలి? తలుపు, లైటు బిగించడానికి మాకు రెండు వారాలు పట్టింది. ఇన్నేళ్ళు ఎవరం అడగలేదు, అంతే. ఇప్పుడు అమ్మాయిల ప్రాక్టీసు వేళ నిర్ణయించేది, వాళ్ళ ఇళ్ళకు ఫోన్ చేసేది పీజీ చదివే ఇద్దరు అమ్మాయిలు. వాళ్ళు మారుస్తామన్న వేళను మేం కాదనం.

[దృశ్యం: నోటీసు బోర్డు. చేతితో రాసిన జమాఖర్చుల కాగితం.]

ఇప్పుడు డబ్బు. ఒకాయన సొంత ఖాతాలోకి ఫోన్‌పే చేయించుకుని క్లబ్ నడపడం నిజాయితీ ఉన్నా అనుమానాలకు దారి తీస్తుంది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టర్ చేసుకోవచ్చు. కబడ్డీ జట్టంత మంది చాలు. ఆ తర్వాత క్లబ్ పేరు మీదే పాన్ కార్డు, బ్యాంకు ఖాతా వస్తాయి. ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు కదిలేలా పెట్టుకోండి. ఆ ఇద్దరిలో ఒకరు 30 ఏళ్ళ లోపు వాళ్ళు ఉండాలని బైలాస్‌లోనే, అంటే క్లబ్ నియమాల్లోనే రాసుకోండి. కమిటీలో కూడా కనీసం ఇద్దరు ఆ వయసు వాళ్ళు, ఓటు హక్కుతో. ఊరికే కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపించడానికి కాదు.

కంపెనీల దగ్గరికి వెళ్ళాలన్నా ఇదే దారి. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్‌లో సీఎస్ఆర్ నిధులు, అంటే సమాజం కోసం కంపెనీలు ఖర్చు చేసే డబ్బు, పెట్టదగిన పనుల్లో గ్రామీణ క్రీడల శిక్షణ కూడా ఉంది. అయితే నమోదు, లెక్కలు సరిగా ఉన్న సంస్థకే కంపెనీలు డబ్బిస్తాయి. ఆ కాగితాల పనికి కామర్స్ చదివే పిల్లలు మనకంటే బాగా పనికొస్తారు. మా దగ్గర ప్రతి నెలా మొదటి ఆదివారం జమాఖర్చులు బోర్డు మీద పెట్టేది బీకాం అమ్మాయే. అప్పట్లో లెక్కలు అడిగిన అబ్బాయి ఇంటికి నేనే వెళ్ళి క్షమాపణ అడిగాను. అతను నెలనెలా ఆ కాగితం తనిఖీ చేస్తున్నాడు.

కాలేజీ పిల్లలకు ఇంకో మాట. ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీరు రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. పిల్లల టోర్నమెంటుకో, గ్రౌండు శుభ్రానికో చేసే పని అందులో లెక్కకు వస్తుందేమో మీ ప్రోగ్రామ్ ఆఫీసర్‌ను ముందే అడగండి.

[దృశ్యం: కోర్టు పక్కన అరుగు. ఒక యువకుడు నోటు పుస్తకంలో రాస్తున్నాడు.]

"నేర్పించాక ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతారు, మళ్ళీ మొదటికే కదా" అని చాలామంది అడుగుతారు. వెళతారు. వెళ్ళాలి కూడా. అందుకే ప్రతి పనికీ ఒక నోటు పుస్తకం పెట్టాం. వెళ్ళేవాళ్ళు చివరి నెలంతా తర్వాత వచ్చేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని పని చూపిస్తారు, తెలిసినవన్నీ పుస్తకంలో రాస్తారు.

పోయిన నెల మా స్కోరర్లలో ఒకడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే ముందు ఆదివారం ఇంటర్ చదివే ఒక పిల్లవాడికి పుస్తకం ఇచ్చాడు. నేను తిరగేసి చూశాను. ఏ అంపైర్ చెయ్యి ఎత్తితే దేనికో బొమ్మలు గీశాడు. వాన పడితే కాగితాలు ఏ అలమారలో పెట్టాలో రాశాడు. చివరి పేజీలో, "నీళ్ళు చల్లే పని పెద్దాయనకు వదలొద్దు, ఆయనకు మోకాళ్ళ నొప్పి. నువ్వు అయిదున్నరకే రా" అని ఉంది.

[దృశ్యం: అయిదున్నర. పైపు పట్టుకుని నీళ్ళు చల్లుతున్న ఇంటర్ పిల్లవాడు. పక్కన కుర్చీలో కూర్చుని ఎక్కడ తడి ఆరిందో చేత్తో చూపిస్తున్న పెద్దాయన.]