దిగిన అద్దం ఎక్కనప్పుడు

(విశ్వకర్మ జయంతి రోజున విజయవాడలో ఒక ఐటీఐ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, ఇన్‌స్ట్రక్టర్లకు, ఎదురుగా కూర్చున్న పిల్లలందరికీ నమస్కారం. పూజ ఆలస్యమైంది, ఒంటిగంటకు మీకు భోజనాలు. అందుకని పెద్దలను పేరుపేరునా పలకరించడం లేదు, మన్నించాలి.

ఆహ్వానపత్రం మీద నా పేరు పక్కన ‘ఆటోమొబైల్ రంగంలో ఉపాధి అవకాశాలు’ అని వేశారు. నేను ఆటోనగర్‌లో నలభై ఏళ్ళుగా కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నవాణ్ణి. నాకు తెలిసింది వైరు, స్విచ్, ఫ్యూజు. ఉపాధి గురించి చెప్పాల్సింది ఏమైనా ఉంటే అది ఈ చేతిసంచిలో ఉంది. ఇదిగో, వెనక వాళ్ళకు కనిపిస్తోందా? డ్రైవర్ తలుపు మీద ఉండే పవర్ విండో మాస్టర్ స్విచ్. నాలుగు మీటలు, మిగతా తలుపుల మీటలు పనిచెయ్యకుండా ఆపే ఒక లాక్ బటన్. పదేళ్ళుగా నా కొట్లో మేకుకు వేలాడుతోంది. ఇవాళ దీని గురించే మాట్లాడతాను.

నేను పనిలో చేరిన రోజుల్లో అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు వచ్చేవి. అద్దం దించాలంటే హ్యాండిల్ తిప్పాలి. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది, దానికీ హ్యాండిలే. అమెరికాలో ప్యాకార్డ్ వాళ్ళు 1940లోనే మీట నొక్కితే కదిలే అద్దాలు పెట్టారు. అవి హైడ్రాలిక్ ఒత్తిడితో నడిచేవి. మన మామూలు కార్లలోకి ఈ సౌకర్యం రావడానికి తొంభైలు రావాల్సి వచ్చింది. చరిత్ర ఇంతటితో చాలు.

తలుపు లోపల ఒక చిన్న 12 వోల్టుల డీసీ మోటార్ ఉంటుంది. దానికి రెండే వైర్లు. ఒక వైరుకు పాజిటివ్, రెండో దానికి ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్‌కు చేరే దారి, ఇస్తే అద్దం ఎక్కుతుంది. తిరగేసి ఇస్తే దిగుతుంది. ఇంతవరకు మీ పుస్తకంలో ఉంది. కానీ మీట మీద ఎవరి వేలూ లేనప్పుడు ఆ రెండు వైర్లు ఎక్కడ ఉంటాయి? ఎవరైనా చెప్పండి. ... ఎర్త్, కరెక్ట్. ఎవరమ్మా చెప్పింది? బాగా చెప్పావు. రెండూ ఎర్త్ మీదే ఉంటాయి. మీట లాగినప్పుడు ఒక వైరు ఎర్త్ వదిలి పాజిటివ్ పట్టుకుంటుంది. రెండోది కదలకుండా ఎర్త్ మీదే ఉండిపోతుంది. ఆ కదలని వైరు పని చెయ్యడం లేదని మనం అనుకుంటాం. మోటార్‌లోకి వెళ్ళిన కరెంటు తిరిగి రావాల్సింది దాని గుండానే.

ఇప్పుడు వెనక తలుపు సంగతి. దాని మీద దాని స్విచ్ ఉంటుంది, డ్రైవర్ దగ్గర మాస్టర్ స్విచ్‌లోనూ దానికి ఒక మీట ఉంటుంది. చాలా పాత కార్లలో వెనక స్విచ్‌కు సొంత ఎర్త్ ఉండదు. దాని రెండు వైర్లూ ముందుకు వచ్చి, మాస్టర్ స్విచ్‌లోని పాయింట్ల గుండా, అంటే ఒకదానికొకటి తగిలి కరెంటును కలిపే లోహపు ముక్కల గుండా, ఎర్త్‌కు చేరతాయి. అంటే వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు వాళ్ళ మీట నొక్కినా, కరెంటు డ్రైవర్ మోచేతి కింద నుంచే తిరిగి వెళ్తుంది. ఈ ఒక్క మాట రాసుకోండి. పెన్ లేనివాళ్ళు పక్కవాడి దగ్గర తీసుకోండి.

ఈ మాట తెలియకపోవడం వల్ల ఏం జరిగిందో చెప్పాలి.

పదేళ్ళ కిందట, శ్రావణమాసం, రోజూ వాన. గుడివాడ వైపు నుంచి ఒక రిటైరైన మాస్టారు పాత కారులో నా కొట్టుకు వచ్చారు. ఎడమవైపు వెనక అద్దం కిందికి దిగి ఉంది, దాని మీద యూరియా బస్తా కోసి టేపుతో అంటించారు. ఆ సీట్లో ఆయన భార్య. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు విజయవాడ తీసుకొస్తున్నారు. ఆమె చీర ఆ పక్కంతా తడిసిపోయి ఉంది. నేను మాట్లాడకముందే మాస్టారు సంచిలోంచి బిల్లులు తీశారు. మొదట మోటార్ మార్చారు. అద్దం ఎక్కలేదు. తర్వాత అద్దాన్ని ఎత్తే మెషీన్ మార్చారు. ఎక్కలేదు. ఇప్పుడు తలుపు వైరింగ్ మొత్తం మార్చాలన్నారట. “బాబూ, నా పెన్షన్ డయాలసిస్‌కే సరిపోవడం లేదు. ఈ బస్తానే ఇంకొంచెం గట్టిగా అంటించి పెడతావా?” అని అడిగారు.

నేను ఒకటే అడిగాను. “అద్దం దిగుతోందా మాస్టారూ?”

“దిగడానికి బాగానే దిగుతుంది నాయనా, ఎక్కడమే లేదు.”

పిల్లలూ, ఇక్కడ ఆగి ఆలోచించండి. దించే మోటారూ ఎత్తే మోటారూ ఒకటే. బలం తగ్గిన మోటార్ అయితే ఎక్కేటప్పుడు మూలుగుతుంది, ఒక అంగుళం కదిలి ఆగుతుంది, హెడ్‌లైట్లు కాస్త డిమ్ అవుతాయి. గ్లాసు రబ్బరు బిగిసిపోయినా అలాగే మూలుగుతుంది. ఈ కారులో మీట లాగితే చప్పుడే లేదు. వెనక మీట లాగినా లేదు, డ్రైవర్ మీట లాగినా లేదు. దించితే మాత్రం హాయిగా దిగుతోంది. అంటే మోటార్ బాగుంది, ఫ్యూజు బాగుంది. ఎత్తేటప్పుడు తిరిగి రావాల్సిన దారి ఒక్కటి మూసుకుపోయింది.

వెనక స్విచ్‌కు వైర్లు కలిసే కప్లర్ ఊడదీశాను. టెస్ట్ లాంప్ అంటే కరెంటుకు దారి ఉంటే వెలిగే చిన్న బల్బు. దాని క్లిప్పు బ్యాటరీ పాజిటివ్‌కు పెట్టి, ముందుకు వెళ్ళే రెండు వైర్లనూ ఒక్కొక్కటిగా తాకి చూశాను. ఒకటి వెలిగింది, ఇంకోటి వెలగలేదు. అక్కడి నుంచి డ్రైవర్ తలుపు దగ్గరికి వచ్చి మాస్టర్ స్విచ్ విప్పాను. లోపల పాయింట్ల మీద పచ్చగా చిలుము, దాని చుట్టూ జిగురు. వేసవిలో మనవడు కొబ్బరి నీళ్ళు ఒలకబోశాడని అప్పుడు చెప్పారు మాస్టారు. తుడిచేశాం కదా అనుకున్నారట. పైన తుడిచారు, లోపలికి దిగింది దిగినట్టే ఉండిపోయింది. కొబ్బరి నీళ్ళలో ఉప్పులూ చక్కెరా రెండూ ఉంటాయి. పాయింట్లకు అంతకంటే శత్రువు లేదు.

వేరే బండి నుంచి తీసిన మాస్టర్ స్విచ్ ఒకటి వేశాను. నలభై నిమిషాల పని. అద్దం పైకి వెళ్ళి రబ్బరులో కూర్చుంది. ఆ అమ్మ ఏమీ అనలేదు. అద్దం మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది.

నేను మీతో చెప్పాలనుకున్నది ఇది కాదు. ఆ బిల్లులు తిరగేసి చూస్తే, మోటార్ మార్చిన కుర్రాడు నా దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకున్నవాడు. సాయంత్రం పిలిచాను, వచ్చాడు. ఎందుకిలా చేశావురా అంటే తల దించుకుని అన్నాడు: “మీరే కదా మేస్త్రీ, బండి నిలబడకూడదు, అనుమానం వస్తే పార్ట్ మార్చి పంపెయ్ అనేవారు.” నిజమే. అనేవాణ్ణి. రోజుకు పన్నెండు బండ్లు దాటించాలన్న తొందరలో వాడికి స్పానర్ ఇచ్చాను కానీ టెస్ట్ లాంప్ ఇవ్వలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఇద్దరం కలిసి గుడివాడ వెళ్ళి మోటార్ డబ్బులు తిరిగి ఇచ్చి వచ్చాం. ఈ స్విచ్ ఆ కారుదే.

టైమ్ ఎంతైంది? పర్లేదా సార్? పది నిమిషాలు.

స్విచ్‌లు ఎందుకు పోతాయో చెప్పి ముగిస్తాను. అద్దం కదిలేటప్పుడు మోటార్ 5 ఆంపియర్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. అద్దం పైకి చేరి ఆగిపోయాక కూడా మీట లాగిపట్టుకుంటే 15, 20 దాకా పోతుంది. అప్పుడు వేలు వదిలితే పాయింట్లు విడిపోయే క్షణంలో నిప్పురవ్వ పుడుతుంది. మోటార్‌లోని తీగచుట్ట కరెంటును ఒక్కసారిగా వదలదు, గాలిలోంచైనా లాక్కుంటుంది. చీకట్లో స్విచ్ విప్పి నొక్కి చూడండి, నీలంగా మెరుస్తుంది. ప్రతిసారీ పాయింటు మీద సూదిమొనంత లోహం కాలుతుంది. గుంటలు పడతాయి, కార్బన్ పడుతుంది, వేడెక్కుతుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. కస్టమర్‌కు చెప్పండి, అద్దం ఆగిన వెంటనే వేలు తియ్యమని. ఆ పాయింట్లను ఎమరీ పేపర్‌తో రుద్దకండి. వాటి మీద వెండి పూత పలచగా ఉంటుంది, అది పోయాక కింది రాగి నెలలోనే నల్లబడుతుంది.

ఇంకోటి, తలుపుకూ బాడీకీ మధ్య రబ్బరు బూటులో, అంటే గొట్టం లాంటి తొడుగులో, వైర్లు. తలుపు తీసినప్పుడల్లా వంగి వంగి లోపల రాగి తెగుతుంది, పైన తొడుగు బాగానే కనిపిస్తుంది. తలుపు సగం తెరిచినప్పుడు పనిచేసి, మూస్తే ఆగిపోయిందంటే ముందు ఆ బూటు లాగి చూడండి.

కొత్త కార్లలో మోటార్ కరెంటు స్విచ్‌లోకి రాదు. స్విచ్ చిన్న సిగ్నల్ మాత్రమే పంపుతుంది, తలుపులోని కంప్యూటర్ మోటార్‌ను నడుపుతుంది. అక్కడ బల్బు టెస్ట్ లాంప్ వాడొద్దు, మీటర్ వాడండి. బ్యాటరీ తీసి పెట్టాక ఒక్క నొక్కుతో అద్దం ఎక్కడం మానేస్తే స్విచ్ పోలేదు. అద్దం పూర్తిగా ఎత్తి కొన్ని సెకన్లు మీట పట్టుకుంటే చాలా కార్లలో మళ్ళీ నేర్చుకుంటుంది.

చేతిలో స్ప్రే డబ్బా ఉంది కదా అని స్విచ్‌లోకి కొట్టేవాళ్ళు ఈ హాల్లో ఎంతమంది? చేతులెత్తండి, నేనేమీ అనను. చూశారా సార్, సగం మంది. 2012 అక్టోబర్‌లో టయోటా ప్రపంచవ్యాప్తంగా 74 లక్షల కార్లను ఈ స్విచ్ కోసమే వెనక్కి పిలిచింది. లోపల గ్రీజు సమంగా పూయకపోవడంతో మీట పట్టేసేది. అప్పుడు వాళ్ళే హెచ్చరించారు, బయట దొరికే లూబ్రికెంట్ కొడితే స్విచ్ కరిగి పొగ రావచ్చు, నిప్పు అంటుకోవచ్చు అని. 2015లో మళ్ళీ 65 లక్షలు. ఈసారి గ్రీజు చాలక అరిగిన పొడి పాయింట్ల దగ్గర చేరి తేమ పీల్చి షార్ట్ అవుతుందని. హోండా 2010 జనవరిలో జాజ్, సిటీ లాంటి కార్లు 6 లక్షల 46 వేలు పిలిచింది. తెరిచిన అద్దంలోంచి నీళ్ళు మాస్టర్ స్విచ్‌లోకి దిగి నిప్పు రావచ్చని. దక్షిణాఫ్రికాలో ఒక జాజ్ కారు మంటల్లో పసిపాప చనిపోయాక వచ్చిన రీకాల్ అది. మన దేశంలో అప్పుడు 8,500కు పైగా సిటీ కార్లు, 2011లో ఇంకో 72 వేల పైచిలుకు పిలిచారు. పెద్ద ఇంజనీర్ల చేతుల్లోనే ఇలా జరిగిన చోట మనం స్ప్రే కొట్టి, ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టి పంపిస్తున్నాం. ఫ్యూజు బదులు తీగ చుట్టొద్దు. కస్టమర్ బతిమాలినా చుట్టొద్దు. దండం పెడతాను.

పిల్లల గురించి ఒక్కటి చెప్పకుండా దిగలేను. 2023 మేలో సూర్యాపేట జిల్లాలో పెళ్ళి కారులో తొమ్మిదేళ్ళ పాప కిటికీలోంచి తల బయటపెట్టి ఊరేగింపు డాన్సు చూస్తోంది. డ్రైవర్ గమనించక అద్దం ఎత్తేశాడు. పాప దక్కలేదు. మన ఊళ్ళలో పెళ్ళిళ్ళు ఎన్ని, ఆ కార్లు ఎన్ని? పిల్లల మోకాలు మీట మీద పడి అద్దం ఎక్కకూడదని 2005లో అమెరికా చట్టం చేసింది, ఎత్తాలంటే మీటను పైకి లాగాల్సిందేనని. దానంతటదే మూసుకునే అద్దం అయితే 100 న్యూటన్ల ఒత్తిడి, అంటే పది కేజీల బరువంత, దాటకముందే వెనక్కి తిరగాలన్నది వాళ్ళ నిబంధన. మన రోడ్ల మీద చాలా కార్లలో ఆ రక్షణ డ్రైవర్ అద్దానికే ఉంటుంది, కొన్నిట్లో దానికీ ఉండదు. అలాంటి కార్లకు, కారు లాక్ చేస్తే నాలుగు అద్దాలూ వాటంతటవే మూసుకునే మాడ్యూల్ బిగించమని మీ దగ్గరికి వస్తారు. అందులో అడ్డం తగిలితే ఆగే ఏర్పాటు ఉందో లేదో చూడండి. లేకపోతే బిగించకండి. ఆ పని నాకు రాదని చెప్పి పంపేయండి, పరువు తక్కువేమీ కాదు. లాక్ బటన్ పనిచెయ్యకపోతే అది చిన్న రిపేరు అనుకోకండి. కస్టమర్ అడగకపోయినా ఆ బటన్ చూసి పంపండి.

భోజనాల గంట కొట్టారు. నేను బల్ల మీద ఎనిమిది పాత మాస్టర్ స్విచ్‌లు పెట్టాను, ఎనిమిది టెస్ట్ లాంప్‌లు ఉన్నాయి, ఒక బ్యాటరీ ఉంది. ఏ స్విచ్‌లో ఏ దారి తెగిందో నాకు తెలుసు, మీకు చెప్పను. తిన్న వెంటనే రండి, మొదట ఎనిమిది మంది. ఈ కొబ్బరి నీళ్ళ స్విచ్ మాత్రం ఇందాక ఎర్త్ అని చెప్పిన అమ్మాయికి ఇస్తాను. ఇలా రా తల్లీ, జాగ్రత్తగా పట్టుకో, వెనక క్లిప్పు ఒకటి విరిగి ఉంది.