షంటింగ్ ఇంజను ఎంత స్పీడండీ?

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. "షంటింగ్ ఇంజను మోడల్ తయారుచేసే విధానం" గురించి చెప్పమన్నారు. చెబుతాను. ముందు నా కడుపుమంట కాస్త వినండి.

ఒక పోటీకి నా ఇంజను పట్టుకెళ్లాను. జర్మనీలో 1927, 28లలో మొత్తం 39 మాత్రమే తయారైన 80 తరగతి బొగ్గు ఇంజనుకి 1:87 నమూనా అది. న్యాయనిర్ణేత వంగి చూసి, "ఎంత స్పీడు పోతుందండీ?" అన్నారు. యార్డులో వ్యాగన్లను తోసి, కలిపి, విడదీసే ఇంజన్ని అడగాల్సిన మాటేనా అది? బహుమతి తళతళలాడే ఎక్స్‌ప్రెస్ ఇంజనుకి ఇచ్చారు. దాంట్లో అసలు మోటారే లేదు!

మీరే లెక్క వేయండి. అసలు ఇంజను గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వ్యాగన్ దగ్గరికి వస్తుంటే, మన మోడల్ సెకనుకు 16 మిల్లీమీటర్లు కదలాలి. దాని చక్రం వ్యాసం 1100 మిల్లీమీటర్లు, మనది 12.6. అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి రెండున్నర సెకన్లు. ఆ నిదానంలో ఏ లోపమూ దాగదు. మోటారుకూ ఇరుసుకూ మధ్య 40:1 గేరు, అంటే మోటారు నలభై చుట్లు తిరిగితే ఇరుసు ఒక్క చుట్టు తిరిగే గేరు, పెట్టినా మోటారు నిమిషానికి వెయ్యి చుట్లలోపే తిరగాలి. చవక మోటారైతే అక్కడే గింజుకుంటుంది.

ఇక చక్రాలు. ఇక్కడ చేతులెత్తండి, ఒక పక్క చక్రాలన్నిటినీ కలిపే కడ్డీలు, అదే కప్లింగ్ రాడ్లు, బిగించాక ఇంజను కుంటడం ఎంతమంది చూశారు? చూశారా, సగం మంది! ఆ రాడ్డు తగిలించడానికి చక్రానికుండే మేకుని క్రాంక్ పిన్ను అంటాం. ఎడమ క్రాంక్ పిన్నుకీ కుడి పిన్నుకీ మధ్య 90 డిగ్రీలు ఉండాలని అందరికీ తెలుసు. అసలు ఇంజనుకి అది ప్రాణం, ఒకవైపు పిస్టన్ చివరికొచ్చి నిలిచినప్పుడు రెండోవైపు తోస్తుంది. మోడల్లో తిప్పేది మోటారు కాబట్టి 88 అయినా నడుస్తుంది. కానీ మూడు ఇరుసులకీ అదే 88 ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా బిగుసుకుపోతుంది. అందుకే ముందు రాడ్లు చేసుకోండి, వాటి రంధ్రాలను బట్టే ఫ్రేములో ఇరుసుల చోట్లు గుర్తుపెట్టుకోండి. ఒక్కో జత ఇరుసులు కలిపి చేత్తో తిప్పి చూడండి. మోటారు తర్వాత.

చీటీ వచ్చింది, టైమైపోయిందట. రెండు నిమిషాలండీ!

మధ్య ఇరుసు వెంట్రుకవాసి పైకీ కిందికీ ఆడాలి, లేకపోతే పట్టా ఎగుడుదిగుడైన చోట చక్రం లేస్తుంది, పట్టా నుంచి చక్రం ద్వారా వచ్చే కరెంటు పోతుంది, ఇంజను ఆగుతుంది. పక్క ట్యాంకుల్లో సీసం నింపండి, బరువు సరిగ్గా చక్రాల మధ్య పడాలి. రంగు, అక్షరాలు, రివెట్లు... వాటి గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు.

నేనడిగేది ఒక్కటే. వచ్చే పోటీలో ఒక మీటరు పట్టా వేయండి. ఆగకుండా, కుదుపు లేకుండా, అందరికంటే ఆలస్యంగా చివరికి చేరిన ఇంజనుకే బహుమతి. నాది నిమిషం పైన తీసుకుంటుంది. కావాలంటే ఇప్పుడే రండి, ఆ బల్ల మీద పట్టా వేసే ఉంది. అధ్యక్షులవారూ, మీ గడియారం ఒకసారి ఇస్తారా?