మొదటిసారి వింటే శబ్దం పాడైందేమో అనిపించే మూడు సంగీతాలు

నమస్తే అండీ. ఇవాళ మూడు సంగీత సంప్రదాయాలు వినిపిస్తాను. ఒకటి జింబాబ్వేది, ఒకటి రష్యాలోని తువాది, ఇంకోటి జార్జియా దేశానిది. ఈ మూడింటినే ఎందుకు ఎంచుకున్నానంటే, మొదటిసారి వినగానే మూడింట్లోనూ ఏదో తేడా కొడుతుంది. స్పీకర్ చిరిగిందా, గొంతు పట్టేసిందా, శ్రుతి కలవలేదా అని అనుమానం వస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. అసలు అందమంతా ఆ తేడాలోనే ఉందని నా అభిప్రాయం.

ముందు ఎంబిరా. జింబాబ్వేలోని షోనా ప్రజల వాయిద్యం ఇది. గట్టి చెక్క పలక మీద ఇరవైకి పైగా ఇనుప మీటలుంటాయి. పలకను పెద్ద సొరబుర్ర లోపల బిగించి వాయిస్తారు. బొటనవేళ్లు రెండూ మీటల్ని కిందికి నొక్కుతాయి, కుడి చూపుడువేలు మాత్రం కింది నుంచి పైకి మీటుతుంది. ఇప్పుడు కాస్త దగ్గరగా చూడండి. పలక మీదా, బుర్ర అంచు చుట్టూ సీసా మూతలు కనిపిస్తున్నాయా? పూర్వం నత్తగుల్లలు కట్టేవారు. మీట కదిలినప్పుడల్లా అవి జుయ్యిమని అదురుతాయి. అది కావాలని పెట్టుకున్న అదురు. పూర్వీకుల ఆత్మల్ని పిలిచే బీరా అనే క్రతువులో రాత్రంతా మోగేది ఈ శబ్దమే.

సాధారణంగా కనీసం ఇద్దరు వాయిస్తారు. ఒకరు మొదలుపెడతారు, రెండోవారు ఆ స్వరాల సందుల్లో తమ స్వరాలు దూరుస్తారు. కాసేపటికి ఆ ఇద్దరిలో ఎవరూ విడిగా వాయించని మెలడీ ఒకటి మన చెవిన పడుతుంది! అదే వరస మళ్లీ తిరిగొచ్చినప్పుడు ఇంకో మెలడీ పైకి తేలుతుంది. నన్ను కట్టిపడేసింది ఇదే.

స్టెల్లా చివెషే రికార్డింగులతో మొదలుపెట్టండి. ఆడవాళ్లు ఎంబిరా వాయించడం అరుదైన 1960లలో ఆవిడ పట్టుబట్టి నేర్చుకున్నారు. 2023లో కన్నుమూశారు. తర్వాత థామస్ మప్ఫుమో. ఈ అల్లికనే ఎలక్ట్రిక్ గిటార్ మీదికి తెచ్చిన మనిషి. ఆ పాటలకు భయపడి అప్పటి రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) ప్రభుత్వం ఆయన్ని నిర్బంధించింది. ఒక్క మాట, అదురు తీసేసి నున్నగా చేసిన ఎంబిరా రికార్డింగులు ఎదురైతే దాటేయండి. ప్రాణం తీసేసినట్టే ఉంటుంది.

ఇక తువా. దక్షిణ సైబీరియాలో పశువులు కాచుకునే జనాల పాట. ఇక్కడ ఒక్క మనిషే ఒకేసారి రెండు స్వరాలు పలుకుతాడు. ఇందులో మాయేమీ లేదు. మన గొంతులో వచ్చే ఏ స్వరంలోనైనా దానిపై స్వరాలు సన్నగా కలిసే ఉంటాయి. సిగిత్ అనే పద్ధతిలో నాలుకను అంగిలికి ఆనించి, నోటి లోపలి ఖాళీని మారుస్తూ వాటిలో ఒకదాన్నే పైకి తెస్తారు. కింద గొంతు కదలకుండా నిలబడి ఉంటుంది, పైన ఈల నడుస్తుంది. కర్గిరా అనే ఇంకో పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అసలు స్వరతంత్రులకు పైనున్న మడతలు కూడా అదిరి, స్వరం ఒక స్థాయి కిందికి దిగిపోతుంది. గొంతు బొంగురుపోయిందనుకుంటాం కానీ, ఆ బొంగురుకే అక్కడ ఏళ్ల తరబడి సాధన చేస్తారు. 1992లో మొదలైన హూన్-హూర్-తూ బృందం వినండి. వెనక సింథసైజర్ పరిచిన ఫ్యూజన్ ఆల్బమ్‌లు మొదట్లో వద్దు, ఆ సన్నటి ఈల అందులో మునిగిపోతుంది.

జార్జియా గురించి క్లుప్తంగా చెప్తాను. మూడు గొంతులు మూడు దారుల్లో నడుస్తాయి. పక్కపక్క స్వరాలు ఒకేసారి పలికి ఒరుసుకుంటాయి, పియానో శ్రుతితో కొలిస్తే కలవవు. 1977లో వాయేజర్ వ్యోమనౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు రికార్డులో ఒక జార్జియా పాట ఉంది, కఖేతి ప్రాంతానిది. కింద అందరూ ఒకే స్వరం పట్టి నిలబడితే, పైన ఇద్దరు పాడతారు. ముందు ఆ కింది స్వరాన్ని పట్టుకోండి, పైవాళ్లు ఎటు వెళ్తున్నారో తెలుస్తుంది. గురియా ప్రాంతపు పాటల్లో పై గొంతు వేసే విరుపులు మాత్రం తొందరపడి వినకండి, ఇవి అలవాటయ్యాకే వాటి దగ్గరికి వెళ్లండి.

లింకులన్నీ కింద ఉన్నాయి. ఒక్కటే వినే టైముంటే ఎంబిరా వినండి, అదీ హెడ్‌ఫోన్స్‌లో. ఫోన్ స్పీకర్లో ఆ అదురు సగం కూడా వినపడదు.