కాంతిని ఎక్కడ పంచాలి?

అందరికీ నమస్కారం.

ముందు ఈ మీటర్ చూడండి. ఈ పసుపు ఫైబర్ కొసన వస్తున్న కాంతి 1 మిల్లీవాట్. ఇప్పుడు మధ్యలో 8 దారుల స్ప్లిటర్, అంటే కాంతిని ఎనిమిది వాటాలు చేసే ముక్క, పెడుతున్నాను. వీధి స్తంభాల మీద ఫైబర్ కనెక్షన్ వాళ్లు బిగించే డబ్బాల్లో ఉండేదీ ఇలాంటిదే. ఏ కొస పెట్టినా మీటర్ 1లో పదో వంతు కూడా చూపడం లేదు. ఎనిమిదో వంతు రావాలి కదా? మిగతాది స్ప్లిటర్ లోపల, కనెక్టర్ల దగ్గర పోయింది.

కాంతి ఎన్నో వంతుకు తగ్గిందో డెసిబెల్స్‌లో చెప్తాం, 3 పోతే సగమైనట్టు. ఎనిమిది వాటాలు వేస్తేనే 9 డెసిబెల్స్ నష్టం. 1550 నానోమీటర్ల కాంతి ఫైబర్‌లో కిలోమీటరుకు పోగొట్టుకునేది సుమారు 0.2 డెసిబెల్. అంటే అరచేతిలో పట్టే ఈ ముక్క 45 కిలోమీటర్ల ఫైబర్‌తో సమానం! ఒకే కాంతిని ఒకేసారి చాలా చోట్లకు పంపడమే మల్టికాస్ట్. అలా పంపే స్విచ్ డిజైన్ అంతా ఈ నష్టంతో పోరాటమే.

ఒక ఉదాహరణ అనుకుందాం. హైదరాబాద్ నుంచి ఒక క్రికెట్ మ్యాచ్ గుంటూరు, మచిలీపట్నం, ఏలూరుకు వెళ్లాలి. విజయవాడ దాకా మూడు కాపీలు పంపడం దండగ. ఒకే కాంతి పంపి, విజయవాడలో చీల్చాలి. సహస్రబుద్ధే, ముఖర్జీ అనే పరిశోధకులు 1999లో దీన్నే 'లైట్ ట్రీ' అన్నారు. ఆ పేరు నాకు చాలా ఇష్టం, చెట్టు కొమ్మలేసినట్టే ఉంటుంది మరి.

చీల్చేదెలా? స్విచ్‌లోని చిన్న అద్దాలు కాంతిని మళ్లిస్తాయి గానీ కాపీ చేయలేవు. అందుకని ఒక పాత డిజైన్‌లో వచ్చిన ప్రతి కాంతినీ అన్ని దారులకూ పంచేసి, అక్కర్లేని చోట గేటు మూస్తారు. 16 దారుల స్విచ్ అయితే 12 డెసిబెల్స్ పోతాయి. ఒక్క ఊరికే వెళ్లే కాంతికి కూడా అంతే నష్టం. ఒక్క ఇంటికి ఇవ్వాల్సిన శుభలేఖ ఊరందరికీ అచ్చు వేయించి, మిగతావి చించేసినట్టు! యాంప్లిఫయర్ పెడితే సరిపోదా అని అడుగుతారు. అది కాంతితో పాటు నాయిస్‌నూ, అంటే అందులో కలిసిన అనవసరపు కాంతినీ, పెంచుతుంది, తన నాయిస్ కూడా కలుపుతుంది. పోయిన నాణ్యత తిరిగి రాదు.

నా మాట ఒక్కటే: కాపీ కావాల్సిన కాంతి మాత్రమే ఆ నష్టం భరించాలి. మామూలు ట్రాఫిక్ అద్దాల మీదుగా నేరుగా పోవాలి. స్విచ్ పక్కన కొన్ని స్ప్లిటర్లు ఉమ్మడిగా ఉంచి, మల్టికాస్ట్ వచ్చినప్పుడే అటు తిప్పాలి. మన మ్యాచ్‌కు మూడు వాటాలే, 4.8 డెసిబెల్స్‌తో సరి. దారిలోని ఊరికైతే సగం చీల్చక్కర్లేదు. పదో వంతు తీసుకుంటే, ముందుకు పోయే కాంతికి నష్టం అర డెసిబెల్ లోపే.

అసలు చిక్కు స్ప్లిటర్లు ఎన్ని పెట్టాలన్నది. విజయవాడలో రెండే ఉండగా మూడో మల్టికాస్ట్ వస్తే అది ఆగాలి, లేదా ఎలక్ట్రానిక్స్‌లోకి దిగి మళ్లీ కాంతిగా మారాలి. ఎక్కువ పెడితే స్విచ్ పోర్టులు, అంటే ఫైబర్ తగిలించే చోట్లు, వృథా. ఆ లెక్క ఇప్పుడు బోర్డు మీద వేద్దాం, కాగితాలు తీయండి.