ఎన్ని ఇళ్లు తిరిగితే సరిపోతుంది? శాంపుల్ సైజు లెక్క

నమస్కారం అండీ. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి, ఒకే లెక్క చేద్దాం. ఒక మండలంలో ఎంత శాతం ఇళ్లవాళ్లు ప్లాంటు నీళ్లు కొనుక్కుని తాగుతున్నారో తేల్చాలి. అన్ని ఇళ్లూ తిరగలేం. మరి ఎన్నింటికి వెళ్లాలి?

"మొత్తంలో పది శాతం తీసుకుంటాం సార్" అంటారు చాలామంది. ఆ అలవాటు మానేయండి. మండలంలో 15,000 ఇళ్లున్నా, జిల్లాలో 5 లక్షలున్నా కావాల్సిన శాంపుల్ దాదాపు అంతే. ఎంత తేడా వస్తే మనకు పర్వాలేదు అన్నదే అసలు సంగతి.

అటూ ఇటూ 5 శాతం తేడా ఉండొచ్చు, 95 శాతం నమ్మకం కావాలి (ఇలాగే వందసార్లు సర్వే చేస్తే దాదాపు 95 సార్లు ఆ తేడాలోపే రావాలి) అనుకుందాం. బోర్డు చూడండి. 95 శాతం నమ్మకానికి పట్టికలో దొరికే అంకె, అంటే జెడ్ విలువ, 1.96. దాని వర్గం 3.8416. దీన్ని పితో, ఒకటి మైనస్ పితో గుణించాలి.

ఇక్కడే ఆగిపోతారు అందరూ. పి అంటే ప్లాంటు నీళ్లు తాగే ఇళ్ల వాటా. అది ముందే తెలిస్తే సర్వే ఎందుకండీ! తెలియనప్పుడు 0.5 వేస్తాం. ఎందుకో చేసి చూద్దాం. పి 0.1 అయితే 0.1 ఇంటూ 0.9, అంటే 0.09. 0.3కి 0.21. 0.5కి 0.25. 0.7కి వెళ్లేసరికి మళ్లీ 0.21కి దిగింది. 0.25ని మించడం లేదు చూశారా? అందుకే 0.5 వేసుకుంటే అసలు వాటా ఎంతున్నా శాంపుల్ చాలకపోవడం ఉండదు.

3.8416 ఇంటూ 0.25, 0.9604. దీన్ని 0.05 వర్గంతో, అంటే 0.0025తో భాగిస్తే 384.16. ఇక్కడ 384 రాస్తే మార్కు పోయినట్టే. ఎప్పుడూ పైకే వెళ్లాలి, 385.

తేడా 3 శాతమే ఉండాలంటే 1,068. జిల్లా మొత్తానికి ఒక్క శాతం కావాలంటే 9,604. కావాలనడం తేలికే, తిరిగేవాళ్ల కాళ్లను అడగండి. 800 ఇళ్ల చిన్న ఊరైతే మాత్రం, మొత్తమే తక్కువ కాబట్టి 385ని తగ్గించే సవరణ ఉంది, 5 శాతానికి సుమారు 260 చాలు.

ఇంకొకటి. 385 అంటే తలుపు తట్టిన ఇళ్లు కావు, జవాబు చెప్పిన ఇళ్లు. నూటికి 80 ఇళ్లలోనే జవాబు దొరుకుతుందనుకుంటే 385ని 0.8తో భాగించి 482 ఇళ్లు రాసుకోండి. అయినా పగలు తాళం వేసి ఉండేవి ఎక్కువగా ఎవరి ఇళ్లు? కూలికి వెళ్లినవాళ్లవి. టిన్నుకు డబ్బు పెట్టలేక కుళాయి నీళ్లే తాగేది వాళ్లే కావచ్చు. వాళ్లను వదిలేసి పక్కింట్లో అడిగితే 385 నిండుతుంది గానీ లెక్క ప్లాంటు వైపు ఒరిగిపోతుంది. ఆ ఒరుగు మన 5 శాతంలోకి రాదు. కాబట్టి లిస్టులోంచి చీటీలు తీసి ఎంచుకున్న ఆ ఇళ్లకే, సాయంత్రం ఏడు దాటాక ఇంకోసారి వెళ్లండి.