ఢాకా స్కూల్ మీద పడ్డ ఫైటర్ జెట్: ఆ సంతకం ఎవరిది?

ట్రైనింగ్ విమానం అనగానే మీకేం గుర్తొస్తుంది? ముందు ఫ్యాన్ గిర్రున తిరుగుతూ, వెనక సీట్లో గురువుగారు కూర్చుని, ఊరి బయట చక్కర్లు కొట్టే బుల్లి విమానం. అవునా? మన హైదరాబాద్ పక్కన, ఎయిర్‌ఫోర్స్ పైలట్లకి ట్రైనింగ్ ఇచ్చే దుండిగల్ వైపు కనిపించేవి అవే. కానీ 2025 జులై 21న ఢాకాలో మైల్‌స్టోన్ స్కూల్ మీద పడ్డదాన్ని ట్రైనింగ్ విమానం అన్నారే గానీ, అది అలాంటిది కాదండీ. దాని పేరు ఎఫ్-7 బీజీఐ. ఒకటే ఇంజిన్, ఒకటే సీటు. పాత రష్యన్ మిగ్-21 చూసి చైనా వాళ్లు తయారుచేసిన ఫైటర్ జెట్. గట్టిగా తొక్కితే ధ్వని కంటే దాదాపు రెండింతల వేగం. పిల్లాడికి డ్రైవింగ్ నేర్పిస్తున్నామని చెప్పి లారీ తాళాలిచ్చి కోఠి సెంటర్‌లో వదిలేస్తే, దాన్ని "ట్రైనింగ్ బండి" అంటామా? అంటే జనం ఒప్పుకుంటారా?

వీడియోలు మీరందరూ చూసే ఉంటారు. నేను మళ్లీ వేయను, నాకు మనసొప్పదు. రెండు ముక్కల్లో చెప్తా. మధ్యాహ్నం 1:06కి ఢాకాలోనే ఉన్న కుర్మిటోలా ఎయిర్‌బేస్‌లో లేచింది. కాసేపటికే అదే సిటీలో ఉత్తరా అనే ఏరియాలోని దియాబారిలో రెండంతస్తుల స్కూల్ బిల్డింగ్‌ని గుద్దింది. 30 మందికి పైగా పోయారు, ఎక్కువమంది పిల్లలే. పైలట్ కూడా పోయాడు. ఇంతవరకూ మీకు తెలిసిందే.

ఇప్పుడు అసలు మాట. ఆరోజు మిలిటరీ ఇచ్చిన ప్రకటన ఏంటి? టెక్నికల్ లోపం వచ్చింది, జనం లేని వైపు తిప్పడానికి పైలట్ శాయశక్తులా ప్రయత్నించాడు. మరి నవంబర్‌లో వచ్చిన దర్యాప్తు రిపోర్ట్ ఏమంది? పైలట్ విమానాన్ని కంట్రోల్ చేయలేకపోయాడు, పొరపాటు అతనిదే. జులైలో హీరో, నవంబర్‌లో దోషి. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు కదా. ఇక్కడ ముందు చారెడు చేశారు, నాలుగు నెలలు తిరక్కుండానే ఆ కళ్లకి చూపే లేదన్నారు. ఏ కథ తీసుకున్నా ఒక సౌకర్యం ఉంది, గమనించారా? జవాబు చెప్పాల్సినవాడు బతికి లేడు.

నా ప్రశ్న ఒకటే. ఆ సంతకం ఎవరిది?

ఏ ఎయిర్‌ఫోర్స్‌లోనైనా పైలట్ మనం బైక్ తీసినట్టు విమానం తీసుకెళ్లిపోడండీ. ఎవరు ఎగరాలి, ఏ విమానం, ఏం ప్రాక్టీస్, ఎంతసేపు, అన్నీ ముందే రాసి ఉంటాయి. పైనొకరు ఓకే చెయ్యాలి. ఆ విమానంలో ఆ కుర్రాడు ఒంటరిగా ఎగరడం అదే మొదటిసారి అని అక్కడి వార్తలన్నీ చెప్పాయి. మొదటిసారి! ఒంటరిగా! రెండు కోట్ల పైచిలుకు జనం ఉన్న రాజధాని మీద! సరే, పొరపాటు అతనిదే అనుకుందాం. నేర్చుకునేవాడు పొరపాటు చేస్తాడు. చేస్తాడు కాబట్టే దాన్ని ట్రైనింగ్ అంటారు. ఆ పొరపాటు పిల్లల నెత్తిన పడే చోట చేయించింది ఎవరు? ఆ సంతకం ఎవరిది?

ఇక్కడ కొందరు కామెంట్స్‌లో గడుసుగా అడుగుతారు, "అన్నా, ఎయిర్‌బేస్ ముందొచ్చింది, ఇళ్లు తర్వాత వచ్చాయి కదా" అని. నిజమే. కుర్మిటోలా రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వాళ్ల ఎయిర్‌ఫీల్డ్. కానీ ఆ ఇళ్లు వానకి పుట్టగొడుగుల్లా మొలిచినవి కావు. ఉత్తరా మూడో ఫేజ్‌కి ప్లాట్లు వేసింది రాజుక్. అంటే మన హెచ్ఎండీఏ లాంటి సర్కారు సంస్థ. మెట్రో రైల్ కూడా తెచ్చి దియాబారి పక్కనే స్టేషన్ పెట్టారు. ఒక చేత్తో జనాన్ని రమ్మన్నారు, ఇంకో చేత్తో వాళ్ల మీదుగా ఫైటర్ జెట్లు తిప్పారు. అక్కడా ఒక సంతకం ఉంటుంది.

ఆ స్కూల్ బిల్డింగ్ సంగతి వింటే నాకు నిద్ర పట్టలేదు. క్లాసులు అయిపోయాయి. సంచులు భుజాన వేసుకుని పిల్లలు అమ్మానాన్నల కోసం ఎదురుచూస్తున్నారు. కొందరికి ఇంకా కోచింగ్ క్లాస్ ఉంది. అంత బిల్డింగ్‌కి మెట్లదారి ఒక్కటి. ఒక్కటే! రూల్ ప్రకారం మూడు ఉండాలని ఆ దర్యాప్తు రిపోర్టే చెప్పింది. ఒక టీచరమ్మ ఆ మంటల్లోంచి పిల్లల్ని ఒక్కొక్కరినీ బయటికి తెచ్చి, ఒళ్లంతా కాలి, ఆ రాత్రే కన్నుమూశారు.

మర్నాడు ఏమైందో తెలుసా? పరామర్శకి వెళ్లిన అప్పటి తాత్కాలిక ప్రభుత్వంలోని ఇద్దరు సలహాదారులు, అంటే మంత్రి హోదా ఉన్నవాళ్లు, క్యాంపస్‌లో గంటల తరబడి ఇరుక్కుపోయారు. విద్యార్థులు కదలనివ్వలేదు. ఆరు డిమాండ్లు పెట్టారు. చనిపోయినవాళ్ల అసలు లెక్క బయటపెట్టండి, పాతబడిన ప్రమాదకరమైన విమానాలు ఆపండి, ట్రైనింగ్ చేసే పద్ధతి, చోటు మార్చండి. కమిటీ చివరికి ఏం రాసింది? మొదటి దశ ట్రైనింగ్ ఢాకా బయట పెట్టాలి అని! కుర్రాళ్లు ఒక్కరోజులో రాసింది పెద్దలకి మూడు నెలల తర్వాత తట్టింది.

మరి ముందే ఎందుకు మార్చలేదు? ఇది నా థియరీ, నచ్చకపోతే తిట్టండి. రాజధానిలో ఫైటర్లు ఉంటే గొప్ప. జాతీయ దినోత్సవానికి నెత్తిన గర్జించాలి, పెద్ద ఆఫీసర్ల ఫ్యామిలీలు సిటీ వదిలి వెళ్లకూడదు, మంచి స్కూల్, మంచి హాస్పిటల్ పక్కనే ఉండాలి. వాళ్ల పిల్లల స్కూల్ కోసం ఎవరి పిల్లల స్కూల్‌ని పణంగా పెట్టారు?

ఇదంతా బంగ్లాదేశ్ గొడవ, మనకెందుకు అంటారా? 2010 మార్చి 3, బేగంపేటలో ఏవియేషన్ షో. ఆకాశంలో విన్యాసాలు చేసే నేవీ సాగర్ పవన్ టీమ్ కిరణ్ జెట్ న్యూ బోయినపల్లిలో ఇళ్ల మధ్య కూలింది. కిరణ్ అంటే అసలు సిసలు ట్రైనర్. ఇద్దరు నేవీ ఆఫీసర్లు పోయారు. ఆ తర్వాత 2023 డిసెంబర్ 4న దుండిగల్‌లో లేచిన పిలాటస్ ట్రైనింగ్ విమానం తూప్రాన్ దగ్గర పడింది. ఇన్‌స్ట్రక్టర్, కేడెట్ ఇద్దరూ పోయారు. కింద ఎవరికీ గాయం కూడా కాలేదు. ఎందుకు? కింద ఖాళీ జాగా ఉంది కాబట్టి. ఇంకో పదేళ్లకి ఉంటుందా?

మొన్నామధ్య గండిమైసమ్మ వైపు ఫ్లాట్ చూడ్డానికి వెళ్లాను. మార్కెటింగ్ అబ్బాయి తొమ్మిదో అంతస్తు బాల్కనీ తలుపు తీసి, "సార్, పొద్దున్నే ఇక్కడ నిలబడితే విమానాలు క్లియర్‌గా కనిపిస్తాయి, పిల్లలు భలే ఎంజాయ్ చేస్తారు" అన్నాడు. అదో ఎమినిటీ అట! స్విమ్మింగ్ పూల్, జిమ్, ఎయిర్‌ఫోర్స్. "మరి అవి మా మీదుగానే వెళ్తాయా బాబూ?" అని అడిగా. బ్రోషర్ అటూ ఇటూ తిప్పి, "హైట్ ఎన్ఓసీ ఉంది సార్" అన్నాడు. హైట్ అంటే మన బిల్డింగ్ ఎత్తు. పైనుంచి ఏమొస్తుందో అందులో ఉండదు.

దుండిగల్, హకీంపేట, బేగంపేట చుట్టుపక్కల ఉండేవాళ్లు ఒక్క పని చెయ్యండి. మీ ఫ్లాట్ పేపర్లు తీసి ఆ ఎన్ఓసీ కింద ఏ ఆఫీసు ముద్ర ఉందో చూసి కామెంట్‌లో రాయండి. పేర్లొద్దు, ఆఫీసు చాలు. నెక్స్ట్ వీడియోలో అన్నీ ఒకచోట పెట్టి చదువుతా.